టెస్టు అయినంక

వాదీ కబీర్‌ల మా షెడ్డు ముంగట
ఖమీస్ పికప్పు ఆగింది.
ఆగింది అంటే, దానంతటదే ఆగింది.

ఉరికినంతసేపు బాగనే ఉరుకుతదట.
బర్కా నుంచి మత్రా దాకా
టూనా చేపలు, మంచుపెట్టెలు మోసుకుంట
ఒక్క దగ్గు లేకుంట వస్తదట.
సిగ్నల్ కాడ నిలవడితేనే
వణికి, గురక వెట్టి, పానం ఇడుస్తదట.

"కార్బొరేటర్" అన్నడు షఫీకుల్.
"ప్లగ్గులు మార్చు" అన్నడు అర్బాబ్, ఫోన్ల నుంచే.
నేను బానట్ లేపి ఊకె ఇన్న.

ఇంజన్ ఇడిచిన పొగల కొంత
మళ్ల ఇంజన్‌కే తాపే వాల్వు ఒకటుంటది.
ఉరికేటప్పుడు తెరుసుకోవాలె,
నిలవడ్డప్పుడు మూసుకోవాలె,
గంతే దాని కొలువు.
మసి గట్టి, నోరు తెరిచే ఉండిపోయింది.
నిలవడ్డ బండి తన పొగ తనే తాగుకుంట
ఊపిరాడక సస్తున్నది.

నాకు ఎరుకే ఈ జబ్బు.
శుక్రారం పొద్దుగాల మా రూముల
ఎనిమిది మంచాల మీద సూస్త.

"బేస్తారం నాడు పాసింగ్" అన్నడు ఖమీస్, హిందీల.
"రేకు ముక్క కొట్టి మూసెయ్ భాయ్, అయిపాయె."

పన్నెండు నంబర్ పానా.
మొదటి బోల్టు మర్యాదగ వచ్చింది.
రెండోది సముద్రం ఉప్పు తిని తిని
తన తల తనే మింగి కూసున్నది.
డీజిల్ పోసిన, మంట వెట్టిన, తిట్టిన.
నా శెమట సిలెన్సర్ మీద పడి సుయ్యిమన్నది.
జోహర్ అజాన్ అయిపోయినంక
ఎందుకో దానికే దయ పుట్టి కదిలింది.

వాల్వు కింద, గాస్కెట్ల నడుమ, ఉన్నది ఒక రేకు.
పాలడబ్బా మూత కత్తిరించి చేసింది.
ఎవడో ముందే మూసిండు, నా కన్నా ముందు.
నడుమ కాలి, రూపాయి బిళ్లంత చిల్లు వడ్డది.
గుడ్డతోని మసి తుడిస్తె
అంచు మీద గీకిన అచ్చరాలు, తెలుగుల:

టెస్టు అయినంక తీయాలె

'తీయాలి' గాదు, 'తీయాలె'.
పేరు రాయలేదు, తారీఖు లేదు.
ఆ ఒక్క 'లె' సాలు,
మెట్‌పల్లో, కోరుట్లో, ఆర్మూరో,
బస్సు దిగితే మా దిక్కే ఇల్లు.

"ఏం రాసున్నది?" ఖమీస్ అడిగిండు.
జెప్పిన.
"ఎవడు రాసిండు?"
"మావోడే."
"ఏడున్నడు?"
"ఏమో. టెస్టు అయినంక తీసేసిండ్రేమో."
ఖమీస్ నవ్విండు.
నేను గుడ బోల్టు తుడుసుకుంట నవ్విన,
కొంచెం ఆలిశంగ.

ఇంకో రేకు కొట్టలె నేను.
సొహార్ స్క్రాపుల నుంచి ఆరు రియాళ్లకు
పాత వాల్వు తెప్పిచ్చిన.
దాని పైపు నోట్ల వెట్టి గాలి గుంజి
నాలికతోని మూసి ఇరవై లెక్కవెట్టిన.
ఇడువలేదు. మంచి రబ్బరు.
నాలిక మీద మాత్రం రెండు రోజులు
ఎవని బండి రుచో ఉండిపోయింది.

కొత్త గాస్కెట్టు, కొత్త బోల్టులు.
తాళం తిప్పమన్న.
ఎయిర్ ఫిల్టర్ మూత మీద
షఫీకుల్ సులేమానీ గిలాస వెట్టిండు నిండుగ.
సాయ వణికింది, ఒలుకలేదు.

సగం పైసలిచ్చిండు ఖమీస్.
మిగిలిన సగానికి
గోనెసంచిల సుట్టిన చేప.
అర్బాబ్‌కు చేప సంగతి నేను జెప్పలె.

"స్క్రాప్ డబ్బాల ఏద్దునా?" షఫీకుల్ రేకు లేపి అడిగిండు.
వద్దని గుంజుకున్న.
సూదిమొనతోని ఆ మాట కింద
నా మాట ఒకటి గీకిన:

తీసిన

బండి పొద్దుగూకంగ కదిలింది.
రూయి తొవ్వల, మూల మలుపు కాడ
ఎర్రలైటు పడ్డది.
చేతులు తుడుసుకునుడు ఆపి సూసిన.
నిలవడ్డది.
నిలవడే ఉన్నది.